ఒకినావా వియ్యాలవారి మూలాలు వెతకాలంటే ముందు ఊరు పట్టుకోండి

మీరు అడిగింది ఇది: అబ్బాయి హోనలూలులో చేసుకున్న అమ్మాయి ఇంటిపేరు కానెషిరో. వియ్యాలవారు "మేం ఒకినావా వాళ్లం" అంటారే తప్ప జపనీయులం అనరు. తేడా ఏమిటి? వాళ్ల ముత్తాత ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండింటికీ జవాబు ఊరి దగ్గరే ఉంది. విదేశాల్లోని ఒకినావా సంఘాలు దేశం పేరు మీద కన్నా ఊరి పేరు మీదే పుట్టాయి. కాగితాలు కూడా ఊరి పేరు తెలిస్తేనే దొరుకుతాయి. ఇంటిపేరుతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు.

ముందు తేడా సంగతి. జపాన్‌కు దక్షిణాన ఉన్న ఒకినావా దీవులు 1879 దాకా ర్యూక్యూ అనే విడి రాజ్యం. షురి కోటలో వాళ్ల రాజు ఉండేవాడు. ఆ ఏడాది జపాన్ ఆ రాజ్యాన్ని రద్దుచేసి తన పాలనలో ఒక ప్రిఫెక్చర్‌గా, అంటే మన రాష్ట్రం లాంటి పాలనా విభాగంగా, కలుపుకుంది. వాళ్ల భాష ఉచినాగుచి జపనీస్‌కు చుట్టమే గాని, ఒకరు మాట్లాడితే మరొకరికి అర్థం కాదు. వాళ్లు తమను 'ఉచినాంచు' అని చెప్పుకుంటారు. జపాన్ ప్రధాన ద్వీపాల వాళ్లను హవాయిలో 'నైచి' అంటారు. మీ వియ్యంకుడు గారి ఇంట్లో ఈ రెండు మాటలూ ఇప్పటికీ వినబడతాయి.

వలస మొదలవడానికి నేల, సైన్యం, చక్కెర అనే మూడు కారణాలు చెప్పుకోవాలి. పాత పద్ధతిలో పొలం ఊరి ఉమ్మడి సొత్తు. కొన్నేళ్లకోసారి ఇళ్లవారీగా మళ్లీ పంచేవాళ్లు. 1899 నుంచి 1903 వరకు జరిగిన భూసంస్కరణతో పొలం సొంతమైంది. సొంతమైంది కాబట్టే తాకట్టు పెట్టి ఓడ ఖర్చులు తెచ్చుకునే వీలు కలిగింది. 1898 నుంచి నిర్బంధ సైనిక సేవ వచ్చింది, దాన్ని తప్పించుకోవడానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1920లలో చక్కెర ధర కుప్పకూలాక కరువు ముదిరింది. ఆ రోజులను 'సొతెత్సు నరకం' అంటారు. సొతెత్సు అంటే మన తోటల్లో అందానికి పెంచే సైకస్ మొక్క. దాని గింజలోనూ కాండంలోనూ విషం ఉంటుంది. ముక్కలు కోసి, నీళ్లలో నానబెట్టి, పులియబెట్టి, ఎండబెట్టాకే పిండి చేసుకోవాలి. ఆకలి తట్టుకోలేక ఈ పనుల్లో ఏది తగ్గించినా ప్రాణం మీదికొచ్చేది. 1929 నాటికి ప్రవాసులు పంపిన డబ్బు ఆ ప్రిఫెక్చర్ ఆదాయంలో సగానికి పైగా విలువ చేసేది.

మొదటి బృందాన్ని పంపింది కిన్ అనే ఊరికి చెందిన తోయామా క్యూజో. 1899 డిసెంబరులో ఒకినావా రేవు నగరం నాహా నుంచి బయల్దేరి 1900 జనవరి 8న హోనలూలు చేరిన ఆ బృందంలో 26 మందికి ప్రవేశం దొరికింది. వాళ్లను ఎవా చెరకు తోటకు పంపారు. జపాన్ ప్రధాన ద్వీపాల కూలీలు ప్రభుత్వ ఒప్పందం మీద 1885 నుంచే వస్తున్నారు. ఈ పదిహేనేళ్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, అప్పటికే తోటల్లో కాస్త కుదురుకున్న నైచి వాళ్లు కొత్తగా వచ్చినవాళ్లను చిన్నచూపు చూశారు. ఆడవాళ్ల చేతుల మీద 'హజిచి' అనే నీలి పచ్చబొట్లు ఉండేవి. భాష వేరు. పైగా వీళ్లు పందులు పెంచేవాళ్లు, హోటళ్లలో మిగిలిన తిండిని డబ్బాల్లో పోగుచేసి వాటికి పెట్టేవాళ్లు. పిల్లలు బడికి వెళ్తే పంది మేత పేరుతో ఎగతాళి చేసేవాళ్లు. "మేం వేరు" అన్న మాట వెనక గర్వంతో పాటు ఈ గాయం కూడా ఉంది. పెళ్లి పలకరింపుల్లో "మీరూ జపనీయులే కదా" అని తేల్చేయకండి.

బ్రెజిల్‌లో అయితే చిన్నచూపు ఏకంగా నిబంధనల రూపమే తీసుకుంది. 1908 జూన్ 18న కసాతో మారు ఓడలో సాంతోస్ రేవుకు చేరిన 781 మంది ఒప్పంద కూలీల్లో 325 మంది ఒకినావా వాళ్లే. కాఫీ తోటల్లో చెప్పిన కూలీ గిట్టక చాలామంది తోటలు వదిలి సాంతోస్ రేవు పనికీ, రైలు మార్గం పనికీ వెళ్లిపోయారు. దాంతో ఒకినావా నుంచి బ్రెజిల్‌కు వలసను జపాన్ ప్రభుత్వం కొన్నేళ్లు ఆపింది. 1926లో సడలించినప్పుడు పెట్టిన షరతుల్లో ప్రామాణిక జపనీస్ రావాలన్నది ఒకటి, ఆడవాళ్ల చేతులకు పచ్చబొట్లు ఉండకూడదన్నది మరొకటి. ఆ రైలు పనికి వెళ్లినవాళ్లు స్థిరపడిన కాంపో గ్రాండే నగరంలో ఇవాళ ఒకినావా 'సోబా' ఊరంతటి తిండి. గోధుమ నూడుల్స్, వేడి పులుసు, మాంసం, సన్నగా తరిగిన ఆమ్లెట్, ఉల్లికాడలు కలిపి గిన్నెలో ఇస్తారు. నగరం దాన్ని తన సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసుకుంది.

పెరూకు 1906 నుంచి వెళ్లారు. అర్జెంటీనాలోని జపాన్ సంతతిలో ఎక్కువమంది ఒకినావా వాళ్లే, బ్యూనస్ ఐరిస్‌లో లాండ్రీ దుకాణాలు వాళ్ల వృత్తిగా పేరుపడ్డాయి. యుద్ధం తర్వాత బొలీవియా వలస మరో రకం. 1954లో సాంతా క్రూజ్ అడవుల్లో ఉరుమా అనే చోట దిగిన వాళ్లలో అంతుచిక్కని జ్వరంతో 15 మంది చనిపోయారు. రెండుసార్లు చోటు మారి ఇప్పటి కొలోనియా ఒకినావాలో కుదురుకున్నారు. కుటుంబానికి 50 హెక్టార్ల అడవి ఇచ్చారు, దాన్ని నరికి పొలం చేసుకోవాల్సింది వాళ్లే. ఇప్పుడది గోధుమకు పేరున్న ప్రాంతం.

ఇక ఊరి సంఘాలు. హవాయిలో మొదట పుట్టినవి ఒకే ఊరి వాళ్లు కలిసి పెట్టుకున్న చిన్న సంఘాలు. అవన్నీ చేరి 1951లో ఉమ్మడి సంఘం అయ్యింది, దాని కింద ఇప్పటికీ సుమారు 50 ఊరి సంఘాలు ఉన్నాయి. వాయిపియోలో 1990లో తెరిచిన హవాయి ఒకినావా సెంటర్ వాళ్లదే. ఈ సంఘాలను నిలబెట్టింది 'మోఅయి'. హవాయిలో దాన్నే 'తనొమొషి' అన్నారు. వేరే వివరణ అక్కర్లేదు, అది మన చీటీయే. 20 మంది నెలకు ఇంత అని వేస్తారు, మొత్తం నెలకొకరు ఎత్తుకుంటారు, అవసరమున్నవాళ్లు కొంత వదులుకుని ముందే పాడుకుంటారు. బ్యాంకు అప్పు పుట్టని రోజుల్లో హోటలు, పందుల దొడ్డి, లాండ్రీ పెట్టుకోవడానికి పెట్టుబడి ఇలాగే వచ్చింది. ముందే ఎత్తుకున్నవాడు పారిపోతే చీటీ మునుగుతుంది. అందుకే ఊరివాడినే చేర్చుకునేవాళ్లు, పారిపోయినా వాడి ఇల్లు, అన్నదమ్ములు ఒకినావాలో ఎక్కడున్నారో అందరికీ తెలుసు కాబట్టి.

ఈ సంఘాల బలం ఎంతటిదో 1948లో చేసిన పని చెబుతుంది. 1945 యుద్ధంలో ఒకినావాలో మనుషులతో పాటు పశువులూ తుడిచిపెట్టుకుపోయాయి. హవాయి వాళ్లు చందాలు పోగుచేసి అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 550 పందులు కొన్నారు. ఏడుగురు మనుషులు వాటికి తోడుగా ఓడెక్కి తుఫానుల మధ్య మేపుకుంటూ తీసుకెళ్లి సెప్టెంబరులో దించారు. ఏ పందుల పేరు చెప్పి పిల్లలను ఎగతాళి చేశారో, వాటినే సొంత నేలకు పంపించారు. దీని గురించి మీ వియ్యంకుడు గారిని అడగండి, ఆ ఇంట్లో ఎవరికో ఒకరికి తప్పకుండా తెలిసి ఉంటుంది.

వెతుకులాటకు ముందు తిండి సంగతి ఒకటి. మీ కోడలు ఇంట్లో అందగీ (నూనెలో వేయించే తీపి ఉండలు) చేస్తే ఇలా చేస్తుంది. మైదా 3 కప్పులు, చక్కెర ఒకటిన్నర కప్పు, బేకింగ్ పౌడర్ 4 చిన్న చెంచాలు, చిటికెడు ఉప్పు, గుడ్లు 3, పాలు ముప్పావు నుంచి కప్పు దాకా. పిండి మన మైసూర్ బోండా పిండికన్నా ఒక పాలు గట్టిగా, చేతిలోంచి బద్ధకంగా జారేలా ఉండాలి. ఎక్కువ కలిపితే సాగి, లోపల రబ్బరులా అవుతుంది. గుప్పెట్లోకి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి నూనెలో వదలాలి. పునుగులు వేసే చేతికి ఇది ఇట్టే వస్తుంది. నూనె 165 నుంచి 175 డిగ్రీలు, లోతు మూడు అంగుళాలకు తగ్గకూడదు. సరిగ్గా ఉంటే ఉండ దానంతటదే తిరిగి, ఒక పక్క నవ్వినట్టు పగులుతుంది. పగలకపోతే నూనె మరీ వేడెక్కి పైపొర ముందే గట్టిపడిందన్నమాట. అలాంటిది పైన ఎర్రగా, లోపల పచ్చిగా ఉంటుంది.

ఇప్పుడు వెతుకులాట. కానెషిరో అన్న పేరునే తీసుకోండి. అదే రాతను (చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాల్లో రాసేది) ఒకినావాలో ఇవాళ 'కిన్జో' అని చదువుతారు. పాత పలుకుబడి 'కనగుసుకు'. మియాషిరో, మియాగి ఒకే రాత. తమాషిరో, తమాకి కూడా అంతే. 1920, 30లలో ఒకినావాలో ఇంటిపేర్లను జపాన్ పలుకుబడికి దగ్గరగా మార్చుకున్నారు, అప్పటికే ఓడెక్కినవాళ్ల దగ్గర ఆ మార్పుకు ముందు వాడిన కానెషిరో లాంటి పలుకుబడే ఉండిపోయింది. కాబట్టి కానెషిరో అని ఉంటే కుటుంబం ముందే వచ్చిందనడానికి అదొక సూచన, రుజువు మాత్రం కాదు. ఇంగ్లీషు అక్షరాల పేరుతో అక్కడ వెతకడం కష్టం. పేరు కంజి లిపిలో ఎలా రాసేవారో ముందు తెలుసుకోండి. సమాధి రాయి, పాత ఉత్తరం, పూజ గదిలోని పూర్వీకుల ఫలకాలు, ఈ మూడింటిలో ఒకదాని మీద దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది.

ఊరి పేరు కోసం అమెరికా కాగితాలు చూడండి. హోనలూలుకు వచ్చిన ఓడల ప్రయాణికుల జాబితాలు, రెండు ప్రపంచ యుద్ధాల సైనిక నమోదు కార్డులు, అన్నింటికన్నా మేలైనది 1940 నాటి విదేశీయుల నమోదు పత్రం. మొదటి తరం వాళ్లకు 1952 దాకా అమెరికా పౌరసత్వం తీసుకునే హక్కు లేదు. కాబట్టి 1940లో బతికున్న 14 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఆ పత్రం నింపే ఉంటారు. దాని నకలు అమెరికా వలస శాఖ వంశవృక్ష విభాగం ఇస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాతతరం పేర్లు కామా, నాబె, ఉషి, కామాదో, అంటే కుండ, గిన్నె, ఆవు, పొయ్యి. మనలాగే తాత పేరు మనవడికి పెట్టేవాళ్లు, కాబట్టి ఒకే ఊళ్లో ఒకే పేరుతో ముగ్గురు తేలతారు. పుట్టిన ఏడాది లేకుండా నిర్ధారణకు రావద్దు.

ఊరంటే 'ఒకినావా' అనో 'నాహా' అనో సరిపోదు. మునిసిపాలిటీ కింద 'అజా' అనే పల్లె స్థాయి దాకా కావాలి. అక్కడి దాకా వచ్చాక నాహాలోని ఒకినావా ప్రిఫెక్చర్ గ్రంథాలయానికి రాయండి, వలస వెళ్లినవాళ్ల వివరాలు వెతికిపెట్టే సేవ వాళ్ల దగ్గర ఉంది. కంజిలో పేరు, పుట్టిన ఏడాది, అజా, వెళ్లిన దేశం పంపాలి. హవాయిలో ఒకినావా వంశవృక్ష సంఘం కూడా ఉంది, మీ కోడలు అక్కడ మొదలుపెట్టడం ఇంకా తేలిక.

తర్వాతది 'కోసెకి', అంటే కుటుంబ నమోదు. దీన్ని ఆ మునిసిపల్ కార్యాలయం ఇస్తుంది, పాత ప్రతికి 750 యెన్‌లు. దరఖాస్తు నేరుగా ఆ వంశంలో పుట్టినవాళ్లే పెట్టాలి. మీ అబ్బాయి పేరు మీద పెడితే తిరిగొస్తుంది, కోడలే సంతకం చేయాలి. ఆమె నుంచి ముత్తాత దాకా ప్రతి తరానికీ జనన, వివాహ పత్రాలు గొలుసులా జతచేయాలి, ఒక్క లంకె తెగినా ఆపేస్తారు. ఇంకో సంగతికి సిద్ధంగా ఉండండి. ఒకినావా ప్రధాన ద్వీపంలోని పాత కోసెకిలు 1945 యుద్ధంలో కాలిపోయాయి. యుద్ధం తర్వాత బతికినవాళ్లు చెప్పినదాన్నిబట్టి మళ్లీ రాశారు. విదేశంలో ఉన్నవాళ్ల పేర్లు అందులో చేరకపోవడం మామూలే. మియాకో, యాయెయామా దీవుల కుటుంబాలకు పాతవి దొరికే అవకాశం ఎక్కువ.

కోసెకి లేదన్నారని ఆగిపోకండి. ఒకే పల్లెలో సగం మంది కానెషిరోలే అయినప్పుడు ఊరివాళ్లు గుర్తుపట్టేది 'యగో'తో, అంటే ఇంటి గుర్తు పేరుతో. ఫలానా బావి పక్క ఇల్లు, ఫలానా వాళ్ల మూడోవాడి ఇల్లు, అలా. పల్లెలు తమ చరిత్రను 'అజా-షి' అనే పుస్తకాలుగా వేసుకున్నాయి. వాటిలో యుద్ధానికి ముందు ఏ యగో ఇల్లు ఎక్కడుండేదో పటం, ఎవరు ఏ దేశం వెళ్లారో జాబితా ఉంటాయి. ఆ యగో హవాయిలో ఇంకా బతికే ఉంటుంది. "తాతను ఊళ్లో ఏమని పిలిచేవారు?" అని ఇంట్లో పెద్ద వయసున్న ఆడవాళ్లను అడిగించండి, ఇవాళే అడిగించండి. మగవాళ్లు కాగితాల మీది పేరు చెబుతారు, ఆడవాళ్లకు యగో గుర్తుంటుంది.

ఊరికి వెళ్లే ఆలోచన ఉంటే ఏప్రిల్ మంచిది. అప్పుడు 'షీమీ' జరుగుతుంది. కుటుంబాలన్నీ తాబేలు వీపు ఆకారంలో ఉండే పెద్ద సమాధుల ముందు చాపలు పరుచుకుని, పెద్దలకు పెట్టి తామూ తింటారు. బంధువులందరూ ఒక్కచోట దొరుకుతారు. ముందుగా పల్లె సామాజిక భవనానికి జపనీస్‌లో ఒక పేజీ ఉత్తరం రాయించండి: కంజిలో పేరు, యగో, వెళ్లిన ఏడాది, ముత్తాత ఫోటో నకలు. అసలు ఫోటో పంపకండి, అది మీ మనవడి దగ్గర ఉండాలి.