మా అమ్మాయి కమ్యూనిటీ రేడియోలో చేరతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (మ్యాథ్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్) ఫైనలియర్. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లనని, కమ్యూనిటీ రేడియోలో గానీ ఏదైనా స్వతంత్ర మీడియా సంస్థలో గానీ పనిచేస్తానని పట్టుబట్టింది. తెలిసినవాళ్లు యూట్యూబ్ న్యూస్ ఛానెల్ పెట్టించమంటున్నారు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో ఆర్జే (రేడియో జాకీ) డిప్లొమా చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఈ మూడింటినీ పోల్చి చెప్పండి. ఆడపిల్ల ఊళ్లు పట్టుకు తిరగడం మాకు భయంగా ఉంది. రేపు సంబంధాలు వస్తే పిల్ల ఏం చేస్తోందని చెప్పుకోవాలి?
– ఒక తండ్రి

జవాబు: చివరి వాక్యమే మీ అసలు ప్రశ్న. మీడియా చదువుల గురించి తల్లిదండ్రులు రాసే ఉత్తరాలు చాలావరకు ఇలాగే వస్తాయి. పైన కోర్సుల పేర్లుంటాయి, అడుగున చుట్టాలుంటారు. ‘ఏమని చెప్పుకోవాలి’ అన్నది మీ ఇబ్బంది. దాన్ని అమ్మాయి భవిష్యత్తు ఖాతాలో రాయకండి. పోల్చి చెప్తాను గానీ, ముందు మీరు అడగని సంగతి ఒకటి.

కమ్యూనిటీ రేడియో అంటే పిల్లలు మైకు పట్టుకుని ఆడుకునే సరదా కాదు, ఒక ప్రాంతంవాళ్ల కోసం లాభాపేక్ష లేని సంస్థ నడిపే చిన్న ఎఫ్‌ఎం స్టేషన్. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు ఈ రేడియో పెట్టుకునే వీలు వచ్చింది. ఇప్పుడు దేశంలో 500కు పైగా స్టేషన్లున్నాయి. వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు, లాభం కోసం నడిచే కంపెనీలకు అనుమతి ఇవ్వరు. అంటే మీ అమ్మాయి సొంతంగా స్టేషన్ పెట్టలేదు, ఉన్న సంస్థలో చేరాలి. కాబట్టి ‘రేడియోకి భవిష్యత్తు ఉందా’ అని కాదు, ‘ఏ సంస్థలో, ఏ పనికి’ అని అడగాలి.

డబ్బు సంగతి దాపరికం లేకుండా చెప్పుకుందాం. 2024 ఫిబ్రవరిలో మారిన నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాల వరకు ప్రకటనలు వేసుకోవచ్చు. ప్రభుత్వ ప్రకటనకు రేటు 10 సెకన్లకు 74 రూపాయలు. గంట మొత్తం నిండితే 5,328 రూపాయలు. కాగితం మీద బాగానే ఉంది. కానీ నిండదు. 30 సెకన్ల ప్రకటనలు రోజుకు నాలుగు వచ్చాయనుకోండి, 888 రూపాయలు. నెలంతా అలాగే వస్తే 26,640. అందులోంచే కరెంటు బిల్లు, బ్యాటరీలు, నలుగురి జీతాలు వెళ్లాలి. పైగా బిల్లు పెట్టిన నెలలోనే డబ్బు చేతికి వస్తుందనుకోవద్దు. అందుకే స్టేషన్లు ప్రభుత్వ శాఖల ప్రాయోజిత కార్యక్రమాల మీద, మాతృసంస్థ నిధుల మీద ఆధారపడతాయి. ప్రాజెక్టు అయిపోతే మొదట పోయేది మైకు ముందు కూర్చునేవాళ్ల ఉద్యోగమే.

పోనిది ఎవరి ఉద్యోగం? యంత్రం తెలిసినవాళ్లది. ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్లను మీరు ఆర్జే డిప్లొమాకు పంపాలా అని చూస్తుంటే నాకు కోపం వచ్చింది అందుకే. గొంతు బాగున్నవాళ్లు ప్రతి ఊళ్లో దొరుకుతారు. ట్రాన్స్‌మిటర్ మూగబోతే గంటలో కారణం పట్టుకునే మనిషి దొరకరు.

ఆ పని ఎలా ఉంటుందో చూడండి. ఈ స్టేషన్లకు మామూలుగా ఇచ్చే పరిమితి 100 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే ప్రసార శక్తి లెక్క), యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు మించకూడదు. చాలాచోట్ల 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. దాని మీద ఫార్వర్డ్ పవర్ (యాంటెన్నాకు పంపేది), రిఫ్లెక్టెడ్ పవర్ (అక్కణ్నుంచి తిరిగొచ్చేది) అని రెండు అంకెలు కనిపిస్తాయి. రెండూ రోజూ పుస్తకంలో రాయాలి. 50 వాట్లు పంపితే 2 వాట్లు తిరిగొస్తున్నాయంటే వీఎస్‌డబ్ల్యూఆర్ (ట్రాన్స్‌మిటర్‌కీ యాంటెన్నాకీ పొత్తు ఎలా కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే సరిగ్గా కుదిరినట్టు) 1.5, ఫర్వాలేదు. వానాకాలంలో ఆ తిరిగొచ్చేది 4 వాట్లు, 6 వాట్లు అంటూ పెరుగుతోందంటే యాంటెన్నా దగ్గర కనెక్టర్లోకి నీళ్లు దిగాయని మొదట అనుమానించాలి. కొన్నాళ్లకు ట్రాన్స్‌మిటర్ తనను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తుంది. పక్క ఊరివాళ్లు ‘మీ రేడియో రావట్లేదు’ అనేది అప్పుడే. కనెక్టర్‌కి తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, దానిమీద ఎండకు తట్టుకునే టేపు వేయాలి. గోడలోంచి గదిలోకి వచ్చే ముందు కేబుల్‌కి కిందికి ఒక వంపు ఇవ్వాలి, లేకపోతే వాన నీరు కేబుల్ పట్టుకుని సరాసరి యంత్రం మీదికే వస్తుంది. యాంటెన్నా గానీ 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (పరీక్షల కోసం యాంటెన్నా బదులు పెట్టేది) గానీ తగిలించకుండా స్విచ్ వేస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు అదే. ఎర్తింగ్, వోల్టేజీ హెచ్చుతగ్గులు, యూపీఎస్ బ్యాటరీలు... ఇవన్నీ మీ అమ్మాయి మూడేళ్లు పుస్తకంలో చదివినవాటికి దగ్గరి చుట్టాలే.

ఇక ఆమెకూ ఒక హెచ్చరిక. వార్తలు చదవాలని, అధికారులను నిలదీయాలని కోరిక ఉంటే కమ్యూనిటీ రేడియో దానికి చోటు కాదు. సొంత వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయకూడదు. ఆకాశవాణి వార్తలను మాత్రం మార్చకుండా వేసుకోవచ్చు. వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు, నీళ్లు, కరెంటు, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కిందికి రావు. ఆ గీత లోపలే చేయగలిగింది చాలా ఉంది. సగం కార్యక్రమాలైనా స్థానికులతో, స్థానికంగా తయారవాలి. ప్రసారమైన ప్రతిదాని రికార్డింగూ మూడు నెలలు దాచాలి. సినిమా పాటలతో గంటలు నింపే స్టేషన్ కనిపిస్తే, ఆ పాటల హక్కులకు లైసెన్సు ఉందా అని అడగమనండి.

యూట్యూబ్ ఛానెల్ దగ్గరికి వస్తాను. ఇప్పుడు అందరూ చెప్పే దారి ఇదే. నాకున్న అనుమానాలూ దీనిమీదే ఎక్కువ. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. అక్కడికి చేరడం పెద్ద కష్టం కాదు, చేరాక మొదలవుతుంది. మండల స్థాయి వార్తకు చూసేవాళ్లు కొద్దిమందే, వాళ్లతో ఇల్లు గడవదు. అప్పుడు రెండు దారులు: అరుపులు, థంబ్‌నెయిల్ బూతులు, లేకపోతే ‘మీ మీద వార్త వేయకుండా ఉండాలంటే’ అనే దందా. లోగో మైకు పట్టుకున్నవాళ్లను చూడగానే జనం ముఖం చిట్లించేది ఈ రెండో దారి వల్లే. ఇంకొకరి వీడియో ముక్క వాడితే కాపీరైట్ స్ట్రైక్ (యూట్యూబ్ వేసే హెచ్చరిక) పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోవచ్చు. వార్తల ఛానెల్ అయితే 2021 ఐటీ నిబంధనల కింద ఫిర్యాదుల అధికారిని పెట్టి, 15 రోజుల్లో తేల్చాలి. పరువునష్టం నోటీసు వస్తే ఆ లాయరు ఖర్చు ఎవరిది? మీదే. పైన సంపాదకుడు, పక్కన సహోద్యోగి లేని చోట ఇరవై ఏళ్ల పిల్ల తప్పొప్పులు ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? అమ్మాయి ఊళ్లు తిరగడం మీకు భయం, ఒంటరిగా ఊరి పెద్దల మీద వీడియోలు చేస్తే భయం లేదా?

డిప్లొమా గురించి ఎక్కువ రాయను. ఫీజు కట్టే ముందు మూడే అడగండి. గత రెండు బ్యాచ్‌లవాళ్లు ఏడాది తర్వాత ఎక్కడున్నారు? ఒక్కో విద్యార్థికి స్టూడియోలో ఎన్ని గంటలు? గ్యారంటీ అన్న మాట స్టాంపు కాగితం మీద రాసిస్తారా? మూడో ప్రశ్నకు గొంతు సవరించుకుంటే లేచి వచ్చేయండి. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సరుగా (పిలిచిన రోజుకే పని) ఎంపికైనా నెలలో కొద్ది రోజులే డ్యూటీలు దొరుకుతాయి.

స్వతంత్ర మీడియాలో నిలకడ సంస్థను బట్టి ఉంటుంది. వార్తలు ప్రసారం చేసే సంస్థలు విదేశీ విరాళాలు తీసుకోవడాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం నిషేధించింది, కాబట్టి దేశంలోని దాతలు, చందాదారులే దిక్కు. అక్కడ శబ్దం ఎడిట్ చేయగల, ఊళ్లో మాట్లాడించగల, తెలుగులోకి చక్కగా అనువదించగల మనిషికి విలువ ఉంది.

మీ భయానికి జవాబు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో ఉంది. అక్కడి ‘సంఘం రేడియో’ అనే కమ్యూనిటీ స్టేషన్ 2008 అక్టోబరు 15న 90.4 ఎఫ్‌ఎం మీద ప్రసారం మొదలుపెట్టింది. దాన్ని నడిపినవాళ్లు దళిత మహిళలు, వ్యవసాయ కూలి కుటుంబాలవాళ్లు. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి మహిళా సంఘాల్లో వినిపించారు. డిగ్రీ చదివిన మీ అమ్మాయి చేయలేనిదా? జాగ్రత్తలు వేరే సంగతి, అవి అడగాల్సిందే. ఊరికి ఇద్దరు కలిసి వెళ్తారా, తిరిగొచ్చే సమయం రాసి పెడతారా, లైంగిక వేధింపుల ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట ఆ ఫిర్యాదు జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. ఇది మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి.

చేయాల్సింది ఇది. పరీక్షలు అయ్యాక ఎనిమిది వారాలు ఏదైనా స్టేషన్లో పనిచేయనివ్వండి. చేరే ముందు స్టేషన్ అనుమతి గడువు ఎప్పటివరకు, గత ఏడాది ఆడిట్ లెక్క, వారం కార్యక్రమాల చార్టు – ఈ మూడూ చూడమనండి. చూపించని చోట వద్దు. అక్కడ ఒక పది నిమిషాల కార్యక్రమం మొదటి నుంచి చివరి దాకా తనే చేయాలి. మూడు గొంతులు, ముందుగా వాళ్ల అనుమతి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు, లేకపోతే ‘ప’, ‘బ’లు పేలతాయి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో, ఫ్యాన్ ఆపి, రికార్డింగ్ మీటరులో శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. మాటలు అయ్యాక అదే చోట అర నిమిషం మౌనం రికార్డు చేసుకోవాలి, ఎడిటింగులో అతుకులు కనపడకుండా అదే కాపాడుతుంది. ఎడిటింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, అది ఉచితం. నాయిస్ రిడక్షన్ అతిగా వాడితే మనుషులు బావిలోంచి మాట్లాడినట్టుంటుంది.

ఆ పని నచ్చితే పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూడండి. కమ్యూనిటీ మీడియాపై యునెస్కో పీఠం అక్కడ ఉంది, ‘బోల్ హైదరాబాద్’ అనే స్టేషనూ ఉంది. ప్రవేశ పరీక్షల తేదీలు అమ్మాయికే బాగా తెలుసు, వదిలేస్తున్నాను. నచ్చకపోతే ఎనిమిది వారాలే పోయాయి, బీఎస్సీ ఎక్కడికీ పోదు, ఉద్యోగాలకు అప్పుడూ దరఖాస్తు చేసుకోవచ్చు.

సంబంధాలవాళ్లు అడిగితే ‘రేడియో స్టేషన్లో టెక్నికల్ పని చూస్తుంది’ అనండి. ఇంకా ఏమైనా అడిగితే అమ్మాయినే పిలవండి, రిఫ్లెక్టెడ్ పవర్ గురించి ఆమే చెబుతుంది.