పెన్నును ఒక స్క్రీనుకే కట్టేశాక ఒక గుండ్రం గీసి చూడండి

ఉబుంటులో రెండు మానిటర్లు పెట్టుకున్నానని, బొమ్మలు గీసే టాబ్లెట్ మీద పెన్ను కదిపితే కర్సర్ రెండింటి మీదా తిరుగుతోందని, ఒకదానికే పరిమితం చేయడం ఎలాగని అడిగారు. అది చిన్న పని. ఆ తర్వాత మిగిలే వంకరే అసలు తలనొప్పి. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మాది తిరుపతిలో ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికల డిజైన్ షాపు. బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే అన్నదానం ఫ్లెక్సీలతో ఊపిరాడదు. అలాంటి హడావిడిలో మా కుర్రాడు క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో శంఖుచక్రాలు చేత్తోనే గీశాడు. పెన్ను అప్పటికే ఒక్క స్క్రీనుకు కట్టేసి ఉంది. ఆర్డరిచ్చిన పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏం నాయనా, స్వామి చక్రం దోసకాయ మాదిరి ఉందే?" అన్నాడు. షాపులో అందరం ఆ పిల్లోడి చేతిని అనుమానించాం. టాబ్లెట్ అమ్మినతనికి ఫోన్ చేస్తే, "లినక్స్‌లో అంతే సార్, విండోస్ వేసుకోండి" అన్నాడు. అమ్మేవాళ్ల దగ్గర ఏ రోగానికైనా అదే మందు!

చివరికి ఊరగాయ డబ్బా ప్లాస్టిక్ మూతను టాబ్లెట్ మీద పెట్టి, దాని అంచు వెంట పెన్ను తిప్పించాను. స్క్రీన్ మీద అడ్డంగా సాగిన గుండ్రం వచ్చింది. చెయ్యి నిర్దోషి అని తేలిపోయింది. మీరూ ఇలా చూడండి, స్టీలు గ్లాసు మాత్రం పెట్టొద్దు. లోహం దగ్గరుంటే పెన్ను పిచ్చిపిచ్చిగా కదులుతుంది.

కారణం కొలతల్లో ఉంది. మా టాబ్లెట్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10, మానిటర్‌ది 16:9. అందుకే గీసిందల్లా అడ్డంగా 11 శాతం సాగుతుంది. మీలాగా 1920×1080 మానిటర్లు రెండు పక్కపక్కన ఉండి, టాబ్లెట్ మొత్తం ఆ రెండింటికీ పరుచుకుంటే సాగడం రెండింతలు దాటుతుంది.

ఉబుంటుతో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్ గ్నోమ్‌లో అయితే సెట్టింగ్స్‌లోని వాకమ్ టాబ్లెట్ పేజీలో మానిటర్ ఎంచుకుని, ఆస్పెక్ట్ రేషియో (ఆ నిష్పత్తి) అలాగే ఉంచే స్విచ్ ఆన్ చేయండి, చాలు. ఎక్స్11 (స్క్రీన్ మీద విండోలు చూపించే పాత వ్యవస్థ, కొత్తది వేలాండ్) మీద ఉంటే ఎక్స్‌సెట్‌వాకమ్ (xsetwacom) అనే కమాండ్ ఉంది. ముందు దాని 'మ్యాప్‌టుఔట్‌పుట్' (MapToOutput)కి మానిటర్ పేరు ఇవ్వండి, టెర్మినల్‌లో ఎక్స్‌రాండర్ (xrandr) కొడితే ఆ పేరు కనిపిస్తుంది. తర్వాత 'ఏరియా' (Area), అంటే టాబ్లెట్ మీద పెన్ను పనిచేసే మేర, మార్చాలి. 15200×9500 కొలత ఉన్న టాబ్లెట్‌కి 0 0 15200 8550 ఇస్తే 16:9 అవుతుంది. టాబ్లెట్ కింది అంచున సుమారు సెంటీమీటరు మేర పనిచేయదు, దానికేం నష్టం లేదు. పెన్ను, దాని వెనక రబ్బరు వేర్వేరు పరికరాలుగా లెక్క, రెండింటికీ విడివిడిగా పెట్టాలి. కేబుల్ పీకినా, లాగౌట్ అయినా ఇవన్నీ ఎగిరిపోతాయి. అందుకే చిన్న స్క్రిప్టులో రాసి లాగిన్‌లో నడిచేలా పెట్టుకోండి, కేబుల్ పీకి పెట్టినప్పుడు దాన్నే మళ్లీ నడపండి.

పాత వీడియోలు చూసి వేలాండ్‌లో ఎక్స్‌సెట్‌వాకమ్ కొట్టి, పనిచేయలేదని లినక్స్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ. అది వేలాండ్‌లో పనిచేయదు, ఎంత కొట్టినా అంతే. మీది వేలాండా, ఎక్స్11ఆ అనేది ప్రశ్నలో రాయలేదు. సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ చూసి చెప్పండి, టాబ్లెట్ మోడల్ కూడా రాస్తే ఏరియా అంకెలు లెక్కేసి ఇస్తాను.