ఈపీక్యూ ప్రశ్న పిల్లలనే వెతుక్కోనివ్వండి

ఇండియా నుంచి ఇంగ్లండ్ వచ్చి ఏడాది కూడా కాలేదు, అమ్మాయి ఇయర్ 12లో (మన ఇంటర్ ఫస్టియర్ లాంటిది) ఉంది, స్కూల్లో ఈపీక్యూ చేయమంటున్నారు, ఏ లెవెల్ (ఇంటర్‌లా రెండేళ్లు సబ్జెక్టుల వారీగా చదివే ఇక్కడి కోర్సు) మార్కులు దెబ్బతింటాయేమో అని టెన్షన్ పడే తల్లిదండ్రులు నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు. మా పెద్దమ్మాయి చేసింది కాబట్టి చూసిందే చెప్తాను.

ఈపీక్యూ అంటే ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ క్వాలిఫికేషన్. దీనికి రాత పరీక్ష లేదు. పిల్లలు సొంతంగా ఒక ప్రశ్న ఎంచుకుని దాదాపు 5,000 పదాల రిపోర్టు రాస్తారు, లేదా ఏదైనా వస్తువు తయారుచేసి దాని గురించి చిన్న రిపోర్టు ఇస్తారు. చివర్లో ప్రెజెంటేషన్ ఉంటుంది. అత్యున్నత గ్రేడ్ ఏ స్టార్ వస్తే 28 యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు చూసే సంస్థ) పాయింట్లు, అంటే ఒక ఏ లెవెల్ సబ్జెక్టులో ఏ స్టార్‌కి వచ్చేవాటిలో సగం. సౌతాంప్టన్ లాంటి కొన్ని యూనివర్సిటీలు ఇందులో మంచి గ్రేడ్ వస్తే ఆఫర్‌ని, అంటే సీటుకి అడిగే ఏ లెవెల్ గ్రేడ్లని, ఒక గ్రేడ్ తగ్గిస్తాయి. అన్నీ తగ్గించవు, కోర్సు వివరాలు చూసుకోండి.

మేం చేసిన తప్పు ఒకటుంది. మెడిసిన్‌కి పనికొస్తుందని "వైద్యంలో ఏఐ" తీసుకోమని పట్టుబట్టాం. నెలన్నర పాటు దొరికిందల్లా చదివింది, ఒక్క పేజీ రాయలేకపోయింది. ఒకరోజు మునుగోడు దగ్గర మా ఊళ్లో ఉన్న నాయనమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ, అక్కడ అంతమందికి పళ్లు ఎందుకు గారపట్టాయని అడిగింది. అక్కణ్నుంచి ఫ్లోరైడ్ మీదికి వెళ్లింది. అదీ పెద్ద విషయమే. సూపర్‌వైజర్ ఇంకా చిన్నది చేయమంటే, 1970ల్లో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన నల్లగొండ పద్ధతి దగ్గర ఆగింది. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ని అడుగుకి దించే ఆ పద్ధతి పల్లెటూరి ఇంట్లో రోజూ చేయడానికి ఎంతవరకు వీలవుతుంది? ఇదీ తను అడిగిన ప్రశ్న. ఆ తర్వాత తనని కూర్చుని రాయమని మేం ఒక్కసారి కూడా చెప్పలేదు.

వదిలేసిన మొదటి టాపిక్ కూడా వృథా కాలేదు. ఈపీక్యూ నిర్వహించే బోర్డుల్లో ఒకటైన ఏక్యూఏ లెక్కలో అసలు పనికి 40 శాతం మార్కులే. మిగతావి ప్లానింగ్‌కి, సోర్సులు వాడిన తీరుకి, చివరి సమీక్షకి. ఎందుకు మార్చుకున్నామో లాగ్‌లో (ప్రాజెక్టు డైరీలో) ఎప్పటికప్పుడు రాసుకుంటే అదీ లెక్కకొస్తుంది. ఇంటర్‌లో పక్కవాళ్ల రికార్డు చూసి రాసుకున్న మన తరానికి ఇది తొందరగా మింగుడుపడదు. దయచేసి మీరు రాసిపెట్టకండి, చాట్‌బాట్‌తో రాయించకండి. దొరికితే మార్కులు పోవడమే కాదు, మొత్తం ప్రాజెక్టే రద్దు కావచ్చు.

మూడు ఏ లెవెల్సే బరువుగా ఉంటే మొహమాటపడకుండా వద్దనండి. అన్ని స్కూళ్లలో ఇది ఉండదు కాబట్టి యూనివర్సిటీలు తప్పనిసరి అనవు. మెడిసిన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అనుకునేవాళ్లకి యూకాస్ గడువు అక్టోబర్ మధ్యలోనే, కాబట్టి రాతపని వేసవి సెలవుల్లోనే ముగించాలి.

ప్రెజెంటేషన్‌కి వారం ముందు మాత్రం ఒక సాయంత్రం ఖాళీ పెట్టుకుని, ఫోన్లు పక్కన పడేసి, మీరిద్దరూ ఎదురుగా కూర్చోండి. అర్థం కానిదల్లా అడగండి. మా ఆయన పటిక ఎంత వేయాలని అడిగితే అమ్మాయి తడబడింది, ఆ రాత్రే వెతికి రాసుకుంది.