ఆన్‌లైన్ కోర్సు: కెమెరా కొనేముందు

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఒక సంస్థ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. ఎక్సెల్‌లో చిక్కు వచ్చినప్పుడల్లా సహోద్యోగులు నా దగ్గరకే వస్తారు. ఈ పరిజ్ఞానాన్ని ఆన్‌లైన్ కోర్సుగా మలచి అమ్మాలన్న ఉద్దేశంతో 50 పాఠాల పట్టిక రాసుకున్నాను. ఇక కెమెరా, మైకు, లైట్లు కొనడమే మిగిలింది. ఎలాంటివి కొనమంటారు?

జవాబు: ప్రస్తుతానికి ఏవీ కొనకండి. మీరు రాసుకున్న పట్టిక మీకు ఏమేమి తెలుసో చెబుతున్నదే గాని, కోర్సు పూర్తిచేసినవారు ఏ పని చేయగలుగుతారో చెప్పడం లేదు. డబ్బు చెల్లించేవారు చూసేది ఆ రెండో సంగతినే. బోధనా లక్ష్యాలను రాయడానికి 1962లో రాబర్ట్ మేగర్ సూచించిన పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది. నేర్చుకున్నవారు ఏమి చేసి చూపాలి, ఏ పరిస్థితుల్లో చేయాలి, ఎంత బాగా చేస్తే సరిపోతుంది అన్న మూడు అంశాలూ లక్ష్యంలో ఉండాలన్నది దాని సారాంశం. మీ విషయంలో అది ఇలా ఉండవచ్చు: "వేర్వేరు శాఖల నుంచి వేర్వేరు రూపాల్లో వచ్చిన ఖర్చుల పట్టికలను ఎవరి సాయమూ లేకుండా, గంటలోపు, మొత్తాలు సరిపోయేలా ఒకే నివేదికగా కూర్చగలగడం." "ఎక్సెల్‌పై అవగాహన పెంచుకుంటారు" అని రాస్తే, అవగాహన పెరిగిందో లేదో మీరూ తేల్చలేరు, వారూ తేల్చుకోలేరు. పై వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని మీ పట్టికను మళ్లీ చదవండి. ఆ నివేదిక తయారీకి అక్కరలేని పాఠాన్ని, అది మీకు ఎంత ఇష్టమైనదైనా సరే, తీసి పక్కన పెట్టండి. సగానికి పైగా పాఠాలు పోయినా ఆశ్చర్యపోనక్కరలేదు.

తరువాతి మెట్టు రికార్డింగు కాదు, ప్రత్యక్ష బోధన. ఇటువంటి నివేదికలతో నిజంగా ఇబ్బంది పడుతున్న ఐదారుగురిని వెతికి, వీడియో కాల్‌లో వారానికి ఒకటి రెండు తరగతులు చెప్పండి. రుసుము తక్కువైనా ఫరవాలేదు గాని, పూర్తిగా ఉచితం చేయకండి. ఊరికే వచ్చినవారు మొహమాటానికి బాగుందంటారు, డబ్బు కట్టినవారు తమకు అర్థం కాని చోట ఆపి అడుగుతారు. తగినంతమంది చేరకపోతే సొమ్ము తిరిగి ఇస్తామని ముందే చెప్పి నమోదు చేసుకుంటే, ఈ కోర్సుకు గిరాకీ ఉన్నదా లేదా అన్నది కూడా తేలిపోతుంది. వారి అనుమతితో తరగతులను రికార్డు చేసి, ఎవరు ఎక్కడ ఆగిపోయారో, ఏ ప్రశ్న పదే పదే వచ్చిందో రాసుకోండి. తమ ఇబ్బందిని వారు ఏ మాటల్లో చెప్పుకున్నారో ఆ మాటలనూ ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి, రేపు కోర్సు వివరణలో వాటికి మించిన భాష మీకు దొరకదు. అనుభవజ్ఞులకు అలవాటైపోయి కనిపించకుండా పోయిన మెట్లు కొన్ని ఉంటాయి. తేదీల గడిలో తేదీకి బదులు అక్షరాలుగా నమోదైన అంకెలుంటే మీరు చూడగానే సరిచేస్తారు, కొత్తవారికి అక్కడే పూట గడిచిపోతుంది. ఇటువంటివి బయటపడిన తరువాత చేసే రికార్డింగుకే విలువ ఉంటుంది.

ప్రశ్న: ఏ విషయం కావాలన్నా యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతున్నప్పుడు డబ్బిచ్చి కోర్సు ఎవరు కొంటారు?

జవాబు: 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధపై ఉచిత ఆన్‌లైన్ కోర్సు నిర్వహించినప్పుడు సుమారు 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచినవారు 20,000 పైచిలుకు మాత్రమే. బోధకులు ఉద్దండులు, రుసుము లేదు, అయినా ఇదీ ఫలితం. అంటే కొరత సమాచారానికి కాదు, దానిని చివరిదాకా పట్టుకుని నేర్చుకోవడానికి. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమమూ, గడువులూ, చేసిన అభ్యాసాన్ని చూసి తప్పు చెప్పే మనిషీ ఉంటే జనం డబ్బు చెల్లిస్తారు. అవేవీ లేకుండా వీడియోలు మాత్రమే అమ్మదలిస్తే మీ సందేహం న్యాయమైనదే.

ప్రశ్న: ఒక్కొక్క వీడియో ఎంత నిడివి ఉండాలి? కెమెరా ముందు కూర్చోవాలంటే నాకు బెరుకు. మంచి స్టూడియో లేకుండా పాఠాలు చేస్తే నాసిగా ఉంటాయేమోనన్న భయం కూడా ఉంది.

జవాబు: ఈ విషయమై ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ప్రచురించిన పరిశీలన ఒకటి ఉంది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించగా, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి దానిపై నిలిచిన సమయం 6 నిమిషాలు దాటలేదు. ఖర్చుపెట్టి స్టూడియోలో తీసిన వాటికన్నా, బోధకుడు తన బల్ల దగ్గర కూర్చుని ఎదుటివారితో మాట్లాడుతున్నట్టు చెప్పిన పాఠాలే ఎక్కువ ఆకట్టుకోగలవని కూడా తేలింది. వారంతా ఉచిత కోర్సుల విద్యార్థులు గనుక 6 నిమిషాలను శాసనంగా తీసుకోనక్కరలేదు. ఒక వీడియోలో ఒకే సంగతి చెప్పి ఆపాలన్న నియమం చాలు. మీ ముఖం ఎప్పుడూ తెరపై ఉండాలని కూడా లేదు, మొదటి పాఠంలో కనబడి ఆ తరువాత కంప్యూటర్ తెరనే చూపవచ్చు.

ఖర్చు పెట్టదలిస్తే మాటపై పెట్టండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా సర్దుకునేవారు మాట గింగురుమంటే రెండు నిమిషాలు కూడా ఉండరు. మైకు నోటికి దగ్గరగా ఉంచి, తెరలు, బట్టలు, పుస్తకాలు ఉన్న చిన్న గదిలో మాట్లాడితే ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. ఉపశీర్షికలు తప్పక చేర్చండి, వినికిడి సమస్య ఉన్నవారికే కాక, నలుగురి మధ్య శబ్దం లేకుండా చూసేవారికీ అవి ఉపయోగపడతాయి.

నిడివి కన్నా ముఖ్యమైనది, పాఠం తరువాత విద్యార్థి చేత ఏమి చేయిస్తారన్నది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పాఠ్యభాగాన్ని కొందరు రెండుసార్లు చదివారు, మరికొందరు ఒకసారి చదివి, గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తరువాత అడిగితే రెండుసార్లు చదివినవారే ముందున్నారు. వారం తరువాత అడిగితే వారికి 42 శాతం, రాసి చూసుకున్నవారికి 56 శాతం గుర్తుంది. అందువల్ల ప్రతి వీడియో చివర చిన్న అభ్యాసం పెట్టండి. చూసినంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, ఆ భ్రమను అభ్యాసమే తొలగిస్తుంది.

ప్రశ్న: కోర్సు సిద్ధమైంది. ఉడెమీ వంటి చోట పెట్టాలా, సొంత సైట్ పెట్టుకోవాలా? ధర ఎలా నిర్ణయించాలి?

జవాబు: ఉడెమీ వంటి వేదికలో చెల్లింపులు, వీడియోల నిర్వహణ మీ నెత్తిన పడవు, ఎవరూ ఎరుగని బోధకుడికి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు దొరుకుతారు. మీరు ఇచ్చిన లింకు ద్వారా కొన్న విద్యార్థిపై 97 శాతం, వేదిక తానుగా తెచ్చిన విద్యార్థిపై 37 శాతం బోధకుడికి చెల్లించడం అక్కడి పద్ధతి. ఇటువంటి వాటాలు మారుతుంటాయి గనుక చేరేముందు నిబంధనలు చదవండి. నా దృష్టిలో వాటా కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది: విద్యార్థుల ఈమెయిళ్లు మీ చేతికి రావు, రెండో కోర్సు తయారైనప్పుడు వారికి నేరుగా తెలియజేయలేరు. తరచుగా భారీ తగ్గింపులు నడిచే చోట మీరు పెట్టిన ధర కూడా నిలవదు.

టీచబుల్, థింకిఫిక్ వంటివి రుసుము తీసుకుని మీ పేరుతోనే పాఠశాల నడుపుకోనిస్తాయి. 2002 నుంచి ఉన్న మూడుల్ అనే కోర్సుల నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉచితమే గాని, సర్వర్ నుంచి చెల్లింపుల దాకా అన్నీ మీరే చూసుకోవాలి, సాంకేతిక పనుల్లో ఆసక్తి లేనివారికి దానిని సూచించను. ప్రత్యక్ష తరగతుల్లో చేరినవారు మరికొందరిని పంపుతూ ఉంటే సొంత పాఠశాల మేలు. ఎవరూ తెలియకపోతే మొదట ఉమ్మడి వేదికలో చిన్న కోర్సు పెట్టి చూడడంలో తప్పు లేదు.

ధరను వీడియో గంటలతో లెక్కగట్టకండి, అలా లెక్కగడితే పాఠాన్ని సాగదీయాలనిపిస్తుంది. నేర్చుకున్నవారికి ఎంత సమయం, ఎంత శ్రమ ఆదా అవుతుందో, మీరు స్వయంగా ఎన్ని అభ్యాసాలు దిద్దవలసి వస్తుందో చూసి నిర్ణయించండి. దిద్దే భారం ఉన్న కోర్సును చవకగా అమ్మితే విద్యార్థులు పెరిగేకొద్దీ మీరే నలిగిపోతారు. సొమ్ము వాపసు గడువును కొనేచోటే స్పష్టంగా రాయండి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సంగీతం, ఫోటోలు నా కోర్సులో వాడవచ్చా?

జవాబు: దొరికినంత మాత్రాన వాడే హక్కు రాదు. సృష్టికర్తలు తమ కృతులను కొన్ని షరతులతో ఇతరులు వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్నవైనా, వాటిలో వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే అన్న షరతు ఉంటే అమ్మే కోర్సులో వాడరాదు. ఆ షరతు లేనివాటిలో కూడా చాలావాటికి సృష్టికర్త పేరు చెప్పడం తప్పనిసరి. ప్రతి బొమ్మకూ ఎక్కడ తీసుకున్నదీ, ఏ లైసెన్సు కిందన్నదీ మొదటి రోజు నుంచే ఒక పట్టికలో రాసుకుంటూ ఉండండి. నేపథ్య సంగీతం విషయానికి వస్తే, బోధనకు దాని అవసరమే లేదు.