దివాలా తీయకుండా ఉండాలంటే బీమా సంస్థకు ఎంత మూలధనం కావాలి?

దివాలా పూర్తిగా అసాధ్యమయ్యేంత మూలధనం అంటూ ఏదీ ఉండదు కాబట్టి, ఎంత అరుదైన నష్టం వరకు తట్టుకోవాలో ముందుగా నిర్ణయించుకోవాలి. ఐరోపా సమాఖ్యలో 2016 నుంచి అమలవుతున్న సాల్వెన్సీ 2 నిబంధనలు ఈ హద్దును ఏడాది కాలానికి 99.5 శాతంగా నిర్ణయించాయి. అంటే 200 ఏళ్లకు ఒకసారి వచ్చేంతటి నష్టాన్ని సంస్థ భరించగలగాలి.

ఒక్కొక్కదానికి 1 శాతం క్లెయిమ్ అవకాశం ఉన్న 10,000 పాలసీలను, అన్నిటి బీమా మొత్తమూ సమానమే అనుకొని, పరిశీలిద్దాం. సగటున 100 క్లెయిములు వస్తాయి, ప్రామాణిక విచలనం (అసలు సంఖ్య సగటుకు సాధారణంగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత) దాదాపు 10. ప్రీమియం ఆ నూటికి సరిపోతే, 99.5 శాతం భరోసాకు మరో 26 క్లెయిములకు సరిపడా మూలధనం కావాలి. పాలసీలు 10 లక్షలైతే సగటు 10,000కు చేరినా, అదనపు అవసరం దాదాపు 256 మాత్రమే.

అయితే ఈ లెక్క క్లెయిములు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయన్న ఊహపై నిలబడింది, నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒకే వరదలో వేల ఇళ్లు మునిగితే పాలసీల సంఖ్య ఎంత పెద్దదైనా రక్షణ దొరకదు. అప్పుడు మూలధనం బాగా పెంచుకోవాలి, లేదా రీఇన్సూరెన్స్ ద్వారా, అంటే తన నష్టభయానికి మరో సంస్థ దగ్గర బీమా తీసుకొని, భారాన్ని పంచుకోవాలి.