బండి చప్పుడు చేయడం లేదని ఆగిందనుకోకు

చిరంజీవి కిరణ్‌కు, బాబాయ్ ఆశీస్సులు.

ఎలక్ట్రిక్ బైక్ కొన్నానని, సర్వీసింగ్ నేనే చేసుకుంటానని రాశావు. చాలా సంతోషం. ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్, క్లచ్ ఏవీ లేవు కదా, ఇంక చూసుకోవడానికి ఏముందని అడిగావు. ఉంది నాన్నా.

పెట్రోలు బండి ఆన్‌లో ఉంటే చెవికి తెలుస్తుంది. నీ బండి ఆన్‌లో ఉన్నా చప్పుడు చేయదు. స్టాండు వేసి చైన్ తుడుస్తుంటే యాక్సిలరేటర్‌కి మోచేయి తగిలిందనుకో, చక్రం గిర్రున తిరుగుతుంది, వేళ్లు చైన్‌కీ, దాన్ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్‌కీ మధ్య నలిగిపోతాయి. అందుకే తాళం తీసి జేబులో వేసుకున్నాకే బండి మీద చెయ్యి వెయ్యి. చక్రాన్ని చేత్తోనే తిప్పు, పని త్వరగా అవుతుందని మోటారుతో తిప్పొద్దు. ఏళ్ల తరబడి పెట్రోలు బండ్లు విప్పిన నాకు కూడా ఈ అలవాటు రావడానికి కొన్నాళ్లు పట్టింది.

యాక్సిలరేటర్ వదలగానే మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు నెమ్మదిగా అరుగుతాయి. వాడకం తగ్గిన బ్రేకుకి వచ్చే జబ్బు వేరే. ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగాన్ని క్యాలిపర్ అంటారు, అది జరిగే పిన్నులు మురికి పట్టి బిగుసుకుపోతాయి. ఏడాదికోసారైనా విప్పి శుభ్రం చెయ్యి. బ్రేక్ ఫ్లూయిడ్ వాడినా వాడకపోయినా తేమ పీలుస్తుంది, సాధారణంగా 2 ఏళ్లకోసారి మార్చాలి. వెనక టైరు మాత్రం త్వరగా అరుగుతుంది. బండి బరువు, కదలగానే పూర్తిగా వచ్చే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, దాని మీదే పడుతుంది మరి.

చార్జింగ్ ప్లగ్ పిన్నులు నల్లబడినా, ప్లాస్టిక్ కరిగినట్టున్నా కాంటాక్ట్ వదులై వేడెక్కుతోందన్నమాట. మార్చేదాకా దాన్ని వాడకు. నెల రోజులు బండి తీయకపోతే బ్యాటరీ సగం చార్జ్‌లో ఉంచు. సున్నాకి దింపి వదిలేస్తే సెల్స్ పాడవుతాయి.

నారింజ రంగు కేబుళ్లు, బ్యాటరీ పెట్టె, మోటారుకి కరెంటు అందించే కంట్రోలర్ జోలికి మాత్రం వెళ్లకు. 60 వోల్టులు దాటిన డీసీ కరెంటు ప్రమాదకరం. పెద్ద బైకుల్లో 100 కూడా దాటుతుంది. తాళం తీసినా బ్యాటరీలో కరెంటు ఎక్కడికీ పోదు, కంట్రోలర్‌లో కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లలోనూ కాసేపు నిలిచే ఉంటుంది. ఆ పక్కన ఏ బోల్టు విప్పినా ముందు ఉంగరం, వాచీ తీసేయ్. బ్యాటరీ ఉబ్బినా, అదోరకం వాసన వచ్చినా చార్జింగ్ పెట్టకుండా ఇంటికి దూరంగా నిలిపి, కంపెనీ వాళ్లకు ఫోన్ చెయ్యి. మొహమాటపడకు.

చైన్ ఎంత వదులుండాలో మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆదివారం కొలిచి ఫోటో పంపు, చూస్తాను.

మీ బాబాయ్