డాక్టర్ సలహా: రెండు చేతులూ పోయాయి.. దాత చేతులు అతికించవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 28 ఏళ్లు. ఏడాదిన్నర కిందట హైటెన్షన్ తీగ తగిలి రెండు చేతులూ పోయాయి. కుడిచేయి మణికట్టుకు కాస్త పైన, ఎడమచేయి మోచేతికి కాస్త కింద తీసేశారు. చనిపోయినవాళ్ల చేతులు అతికిస్తారని విన్నాం. మావాడికి కుదురుతుందా? ఆ చేతులు ఎంతవరకు పనిచేస్తాయి? – ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: కుదిరే అవకాశం ఉంది. రెండు చేతులూ పోయినవాళ్లకు, అదీ మోచేతి కింద పోయినవాళ్లకు ఈ ఆపరేషన్ బాగా ఉపయోగపడుతుంది. మన దేశంలో తొలిసారి 2015 జనవరిలో కొచ్చిలోని అమృత ఆసుపత్రిలో ఒకరికి రెండు చేతులూ మార్చారు. అయితే చేతిని అతికించడం కన్నా, అతికించాక ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడమే కష్టం. ఆ కష్టాన్ని చూసే నిర్ణయం తీసుకోండి.

మీ తమ్ముడి విషయంలో ముందుగా చూడాల్సింది కరెంటు గాయాన్ని. హైవోల్టేజీ కరెంటు పైకి కనిపించినంత మేరే కాల్చి ఊరుకోదు. రక్తనాళాలు, నాడుల వెంట పైదాకా పాకుతుంది. మొండిభాగం చక్కగా మానినట్టున్నా లోపల ధమని ఎక్కడిదాకా బాగుందో సీటీ యాంజియోగ్రామ్‌లో, నాడులూ కండరాలూ ఎంత మిగిలాయో ఎన్‌సీవీ, ఈఎంజీ పరీక్షల్లో తేలాలి. ఇలాంటి గాయంలో కిడ్నీలు దెబ్బతినడమూ ఉంటుంది కాబట్టి క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పనిసరి.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. కాలిన గాయాలప్పుడు రక్తం బాగా ఎక్కించి ఉంటారు, స్కిన్‌బ్యాంకు చర్మం కూడా కప్పి ఉండొచ్చు. అలా పరాయి కణాలు తగిలినప్పుడు శరీరం వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అవి ఎక్కువగా ఉంటే సరిపోయే దాత దొరకడం కష్టం. పీఆర్ఏ అనే రక్తపరీక్షలో ఇది తెలుస్తుంది. పాత డిశ్చార్జి కాగితాలు, రక్తం ఎక్కించిన వివరాలు వెంట తీసుకెళ్లండి.

దాత బ్రెయిన్‌డెడ్ అయిన వ్యక్తి అయి ఉండాలి. బ్లడ్‌గ్రూపు కలవాలి, దాత కణాల మీద రోగి రక్తం దాడి చేస్తుందేమో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షా సరిపోవాలి. చేతి సైజు, చర్మం రంగు కూడా చూస్తారు. కిడ్నీలు ఇవ్వడానికి ఒప్పుకున్న కుటుంబాలు సైతం చేతుల దగ్గర ఆగిపోతాయి. మృతదేహం చేతుల్లేకుండా ఇంటికి వస్తుందన్న బాధ అది, అర్థం చేసుకోవాల్సిందే. నిజానికి దేహానికి కృత్రిమ చేతులు అమర్చాకే అప్పగిస్తారు.

తీసిన చేతికి గడియారం మొదలైనట్టే. రక్తం అందని కండరం మామూలు వేడిలో సుమారు 6 గంటలకు మించి తట్టుకోదు. అందుకే ధమనిలోకి చల్లటి ద్రావణం పంపి, తడి గాజుగుడ్డ చుట్టి, సంచిలో పెట్టి, నేరుగా మంచు తగలకుండా ఐస్ పెట్టెలో తెస్తారు. ముందు ఎముకలను ప్లేట్లతో బిగించి, తర్వాత ధమనులు, సిరలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), నాడులు, చివరికి చర్మం కలుపుతారు. రక్తనాళానికి బిగించిన క్లాంపు తీయగానే పాలిపోయి ఉన్న గోళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. అంతసేపు రక్తం అందని కండరంలో పేరుకున్న పొటాషియం, ఆమ్లాలు గుండెకు చేరేదీ అప్పుడే. కండరం ఎంత ఎక్కువుంటే ప్రమాదం అంత ఎక్కువ. ఆ లెక్కన మీ తమ్ముడికి ఎడమచేతితోనే జాగ్రత్త ఎక్కువ కావాలి.

పనితనంలోనూ రెండు చేతులకూ తేడా ఉంటుంది. కుడివైపు వేళ్లను ఆడించే కండరాలు ముంజేతిలో ఆయనవే ఉన్నాయి. అవి బాగుంటే, టెండన్లు కలిపిన కొన్ని వారాలకే వేళ్లు కదులుతాయి. ఎడమవైపు కండరాలు కూడా దాతవే కాబట్టి వాటిలోకి నాడి పెరగాలి. నాడి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. వేలికొసలకు స్పర్శ చేరడానికి కుడివైపు ఏడెనిమిది నెలలు, ఎడమవైపు ఏడాది దాటుతుంది. అంతదాకా వేడి టీ గ్లాసు పట్టుకున్నా కాలుతున్నట్టు తెలియదు. తినడం, గ్లాసు పట్టుకోవడం, బట్టలు వేసుకోవడం ఆశించవచ్చు. చొక్కా గుండీ పెట్టుకోవడం లాంటి సన్నపని చాలామందికి కష్టంగానే ఉండిపోతుంది.

ఇక మందులు. పరాయి చేతుల మీద శరీరం దాడి చేయకుండా టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, స్టెరాయిడ్ లాంటివి జీవితాంతం వాడాలి. షుగర్, బీపీ, కిడ్నీ దెబ్బతినడం, టీబీతో సహా ఇన్ఫెక్షన్లు, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు వీటితో పెరుగుతుంది. 1998లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చేయి పెట్టించుకున్న వ్యక్తి మందులు మానేయడంతో 2001లో దాన్ని తీసేయాల్సి వచ్చింది. 2011లో స్పెయిన్‌లోని వలెన్సియాలో ఒకరికి రెండు కాళ్లు అతికించారు. వేరే జబ్బు వచ్చి ఈ మందులు ఆపాల్సి రావడంతో వాటినీ తొలగించారు.

మందులు సరిగ్గా వాడినా, మొదటి ఏడాదిలో ఎక్కువమందికి ఒక్కసారైనా తిరస్కరణ (కొత్త చేతి మీద శరీరం దాడి చేయడం) లక్షణాలు వస్తాయి. చర్మాన్ని శరీరం అంత తేలిగ్గా ఒప్పుకోదు. మేలు ఏమిటంటే ఇది కంటికి కనిపిస్తుంది. రోజూ పగటి వెలుతురులో చేతులు చూడాలి. ఎర్రటి మచ్చలు, దద్దు, వాపు కనిపిస్తే ఎలర్జీ అనుకుని మందులషాపులో ఆయింట్‌మెంట్ కొనకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చిన్న చర్మపుముక్క తీసి బయాప్సీ చేస్తారు. తొలిదశలోనే పట్టుకుంటే సాధారణంగా స్టెరాయిడ్ ఇంజక్షన్లతో అదుపులోకి వస్తుంది. దగ్గు, జ్వరానికైనా సొంతంగా మందు వేసుకోకూడదు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేస్తాయి, టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది.

ముందు కృత్రిమ చేతులు కొన్ని నెలలు గట్టిగా వాడి చూడమనండి. వాటితో పని గడిచిపోతే జీవితాంతం ఈ మందుల అవసరమే ఉండదు. అవి చాలవనుకుంటే చేతుల మార్పిడికి అనుమతి ఉన్న ఆసుపత్రిలో చూపించండి. పరీక్షలన్నీ సరిపోతే జీవన్‌దాన్ లాంటి ప్రభుత్వ అవయవదాన జాబితాలో పేరు నమోదు చేయించేది ఆసుపత్రే. ఆపరేషన్ తర్వాత రెండు చేతులూ కట్లలో ఉంటాయి, రోజుకు నాలుగైదు గంటల ఫిజియోథెరపీ ఏడాదికి పైగా నడుస్తుంది. అన్నం తినిపించి, స్నానం చేయించి, ఆసుపత్రి దగ్గరే ఉండగలిగే మనిషి ఒకరు కావాలి. ఎవరన్నది ఇంట్లో ముందే తేల్చుకుని, వాళ్లనూ మొదటి రోజే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

– ప్లాస్టిక్, మైక్రోవాస్క్యులర్ సర్జన్